ఎంబెడెడ్ పరికరాల విద్యుత్ నిర్వహణ విధాన రూపకల్పన: భద్రాచలం అటవీ సరిహద్దు వరదమాపకాల నేపథ్యం

వ్యాససంగ్రహం

బ్యాటరీతో నడిచే ఎంబెడెడ్ పరికరంలో ఏ భాగం ఎప్పుడు మేల్కొనాలి, ఎప్పుడు నిద్రించాలి అన్న నిర్ణయాల సముదాయమే విద్యుత్ నిర్వహణ విధానం. ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల అటవీ సరిహద్దులోని వాగులపై అమర్చదగిన వరదమాపకాన్ని ఉదాహరణగా తీసుకొని ఆ విధానాన్ని రూపొందించే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. సమాచారం అత్యవసరమైన రోజుల్లోనే సౌరశక్తి అతి తక్కువగా లభించడం ఈ ప్రాంతపు ప్రత్యేక సమస్య. విద్యుత్ పొదుపును మాత్రమే లక్ష్యంగా పెట్టుకున్న విధానం ఇక్కడ ఎందుకు విఫలమవుతుందో, దానికి బదులుగా ఏ సూత్రాలను పాటించాలో ఇందులో చర్చించబడింది.

కీలకపదాలు: ఎంబెడెడ్ వ్యవస్థలు, విద్యుత్ నిర్వహణ, గిట్టుబాటు విరామం, సౌరశక్తి, వరద హెచ్చరిక, గోదావరి, భద్రాచలం.

1. ప్రవేశిక

భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరికను, 48 అడుగులకు రెండవ హెచ్చరికను, 53 అడుగులకు మూడవ హెచ్చరికను జారీ చేస్తారు. 1986 ఆగస్టు 16న నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. 2022 జూలై 16న 71.3 అడుగులు నమోదైంది. మూడవ హెచ్చరిక స్థాయి కంటే మొదటిది 22.6 అడుగులు, రెండవది 18.3 అడుగులు అధికం. ఈ అంకెలు ఆ ప్రాంత ప్రజల జ్ఞాపకంలో ఊళ్ల పేర్లతో సమానంగా నిలిచిపోయాయి.

ప్రధాన నదిపై కేంద్ర జలసంఘం నీటిమట్టాలను క్రమం తప్పకుండా నమోదు చేస్తుంది. భద్రాచలానికి ఎగువన పేరూరు వంటి కేంద్రాల కొలతల ఆధారంగా దిగువకు రాబోయే వరదను ముందుగా అంచనా వేయగలుగుతారు. అయితే అటవీ గ్రామాల రాకపోకలను నిర్ణయించేది గోదావరి ఒక్కటే కాదు. చర్ల వైపు తాలిపేరు, పాల్వంచ, బూర్గంపాడుల వైపు కిన్నెరసాని, వాటిలో కలిసే అసంఖ్యాకమైన చిన్న వాగులు వర్షాకాలంలో దారులను తెంచివేస్తాయి. వాగుపై ఉన్న లోలెవెల్ చప్టా మునిగితే అవతలి కోయ గూడేనికి అంబులెన్స్ చేరదు. నీరు చప్టాను ఎప్పుడు ముంచుతుందో రెండు గంటల ముందు తెలిస్తే గర్భిణిని ఇవతలి ఒడ్డుకు తరలించవచ్చు. ఆ రెండు గంటల వ్యవధి కోసమే చిన్న వాగులపై స్వయంచాలక మాపకాలు అవసరమవుతాయి.

అటువంటి చోట విద్యుత్ తీగలు ఉండవు. ఉన్నా వర్షం పడితే సరఫరా నిలిచిపోతుంది. కాబట్టి పరికరం చిన్న సౌరఫలకం, బ్యాటరీలపైనే జీవించాలి. మాపకం పనితీరు దాని సెన్సర్ నాణ్యతపై ఎంత ఆధారపడుతుందో, ఉన్న కొద్దిపాటి శక్తిని అది ఎలా ఖర్చు చేస్తుందన్న విషయంపై కూడా అంతే ఆధారపడుతుంది.

2. యంత్రాంగం, విధానం

విద్యుత్ నిర్వహణలో రెండు అంశాలను వేరుచేసి చూడటం మొదటి మెట్టు. ఒక భాగాన్ని ఆపగల, నిదానింపజేయగల, తిరిగి లేపగల సామర్థ్యం యంత్రాంగం. ఆ సామర్థ్యాన్ని ఎప్పుడు వాడాలన్న నిర్ణయం విధానం. మైక్రోకంట్రోలర్‌లోని గాఢనిద్ర స్థితి, సెన్సర్‌కు సరఫరాను తెంచే ట్రాన్సిస్టర్ స్విచ్, మోడెమ్‌లోని నిద్రాదేశం యంత్రాంగానికి చెందినవి. వాటిని తయారీదారులు సమకూరుస్తారు. విధానాన్ని మాత్రం పరికరం పనిచేయబోయే చోటును ఎరిగినవారే రాయగలరు.

ఈ విభజన కంప్యూటర్ రంగంలో క్రమంగా స్థిరపడింది. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా సంస్థలు వెలువరించిన ఏసీపీఐ ప్రమాణం ప్రతి పరికరానికి డీ0 నుండి డీ3 వరకు శక్తిస్థితులను నిర్వచించింది. డీ0 పూర్తి మెలకువ కాగా డీ3 దాదాపు పూర్తిగా ఆగిపోయిన స్థితి. 2009 చివరలో వెలువడిన లినక్స్ 2.6.32 కెర్నెల్‌లో, వ్యవస్థ మొత్తం నడుస్తుండగానే వాడుకలో లేని ఒక్కొక్క పరికరాన్ని విడిగా నిద్రపుచ్చే ఏర్పాటు చేరింది. అందులో ప్రతి పరికరానికి ఒక వినియోగ లెక్క ఉంటుంది. ఆ లెక్క సున్నాకు చేరి, నిర్ణీత విరామం గడిచాక పరికరం నిద్రిస్తుంది. ఒక పరికరం మరొకదానిపై ఆధారపడితే ఆధారమైనది ముందు మేల్కొని చివర నిద్రించాలి. సెన్సర్ ఇంకా కొలుస్తుండగా దానికి శక్తినిచ్చే సరఫరాను ఆపివేస్తే వచ్చేది తప్పు కొలత. ఆపరేటింగ్ సిస్టమ్ లేని చిన్న మైక్రోకంట్రోలర్‌లోనూ ఈ క్రమాన్ని ప్రోగ్రామర్ పాటించవలసిందే.

3. గిట్టుబాటు విరామం

ఒక భాగాన్ని ఆపితే శక్తి మిగులుతుందన్నది పాక్షిక సత్యం. తిరిగి లేపడానికి కూడా శక్తి ఖర్చవుతుంది. విరామం ఎంత దీర్ఘమైతే ఆపడం లాభసాటి అవుతుందో ఆ కనీస వ్యవధిని గిట్టుబాటు విరామం అనవచ్చు. మేల్కొలుపుకు అయ్యే అదనపు శక్తిని, ఖాళీగా మెలకువగా ఉన్నప్పటి వాటేజికీ ఆపినప్పటి వాటేజికీ ఉన్న తేడాతో భాగిస్తే అది లభిస్తుంది.

లెక్క కోసం ఒక వాగు మాపకానికి ఈ విలువలను తీసుకోవచ్చు. ఇవి ఇటువంటి భాగాలకు సాధారణంగా ఉండే పరిమాణాలేగాని ఏ ఒక్క నమూనాకూ చెందినవి కావు. రాడార్ సెన్సర్ 0.24 వాట్లు తీసుకుంటూ ఒక కొలతకు 25 సెకన్లు పనిచేస్తుంది. అంటే ఒక్కో కొలతకు 6 జౌళ్లు. సెల్యులార్ మోడెమ్ నెట్‌వర్క్‌కు అనుసంధానమై ఖాళీగా ఉంటే 0.06 వాట్లు తీసుకుంటుంది. దానిని పూర్తిగా ఆపి, తిరిగి లేపి, నెట్‌వర్క్‌లో నమోదు చేయించడానికి 0.8 వాట్ల చొప్పున 30 సెకన్లు పడుతుంది. అది 24 జౌళ్లు. ఒక సందేశం పంపడానికి మరో 10 జౌళ్లు కావాలి. మైక్రోకంట్రోలర్ మెలకువలో 0.02 వాట్లు, నిద్రలో రోజు మొత్తానికి 3 జౌళ్లు తీసుకుంటుంది.

ఈ మోడెమ్ గిట్టుబాటు విరామం 24ను 0.06తో భాగించగా 400 సెకన్లు, అంటే 6 నిమిషాల 40 సెకన్లు. గంటకు ఒకసారి సందేశం పంపేటప్పుడు మోడెమ్‌ను ప్రతిసారీ ఆపివేయడమే మేలు. 15 నిమిషాలకు ఒకసారి పంపినా అదే మేలు. 5 నిమిషాలకు ఒకసారి పంపవలసి వస్తే మాత్రం ఆపకుండా ఉంచడమే పొదుపు: రోజంతా అనుసంధానమై ఉంటే 5,184 జౌళ్లు, 288 సార్లు ఆపి లేపితే 6,912 జౌళ్లు. అదే పరికరానికి వేసవిలో సరైన నియమం వరద రోజున తప్పు నియమమవుతుందని ఈ లెక్క స్పష్టం చేస్తుంది.

తర్వాతి అవసరం ఎప్పుడు వస్తుందో ముందుగా తెలిసినప్పుడు ఈ లెక్క నేరుగా పనికివస్తుంది. తెలియనప్పుడు వేరే పద్ధతి కావాలి. సుమారు 635 చదరపు కిలోమీటర్ల కిన్నెరసాని అభయారణ్యం వంటి అడవిలో వన్యప్రాణుల లెక్కింపుకు వాడే కెమెరా ట్రాప్ ఇందుకు ఉదాహరణ. జంతువు దాటితే దేహపు వేడిని గుర్తించే సెన్సర్ కెమెరాను లేపుతుంది. మంద వెనుక మరొక జంతువు వస్తుందా, లేక మళ్లీ రెండు రోజుల వరకు ఏదీ రాదా అన్నది తెలియదు. ఇక్కడ అద్దె సైకిల్ ఉదాహరణ ఉపకరిస్తుంది. ఎన్నాళ్లు అవసరమో తెలియనివాడు, చెల్లించిన అద్దె కొత్త సైకిల్ ధరకు సమానమయ్యే వరకు అద్దెకు తీసుకొని, ఆపై కొనుక్కుంటే, భవిష్యత్తు తెలిసినవాడి ఖర్చుకు రెండింతలు మించి ఎన్నడూ ఖర్చు చేయడు. అలాగే పరికరాన్ని గిట్టుబాటు విరామమంత సేపు మెలకువగా ఉంచి, అప్పటికీ పని రాకపోతే నిద్రపుచ్చితే, అత్యుత్తమ నిర్ణయానికయ్యే శక్తికి రెండింతలు దాటదు. విరామాల తీరును గణాంకాలుగా నేర్చుకొని ముందే ఊహించే పద్ధతులూ ఉన్నాయి. 2000లో లూకా బెనిని, అలెస్సాండ్రో బొగ్లియోలో, జొవాన్ని డి మికేలి వెలువరించిన సమీక్ష ఈ పద్ధతులన్నింటినీ ఒక క్రమంలో అమర్చింది.

4. కంటికి కనిపించని ఖర్చు

విధాన రచనకు ముందు మొత్తం వ్యవస్థ తీసుకునే విద్యుత్తును కొలవడం అవసరం. గంటకు ఒక కొలత, ఒక సందేశం చొప్పున పైన చెప్పిన మాపకం రోజుకు సుమారు 992 జౌళ్లు, అంటే 0.28 వాట్‌గంటలు వాడుతుంది. సౌరఫలకానికీ బ్యాటరీకీ మధ్య ఉండే ఛార్జ్ కంట్రోలర్ తన కోసం తాను 8 మిల్లీఆంపియర్లు తీసుకుంటే, 12 వోల్టుల వద్ద రోజుకు 2.3 వాట్‌గంటలు ఖర్చవుతాయి. మాపకం చేసే పని మొత్తానికి అయ్యే దానికి ఇది ఎనిమిది రెట్లు. ప్రోగ్రామ్‌లో ఎంత పొదుపు చేసినా ఈ చిల్లు పూడదు. అర మిల్లీఆంపియర్ తీసుకునే కంట్రోలర్‌ను ఎంచుకుంటే అదే ఖర్చు 0.14 వాట్‌గంటలకు దిగుతుంది.

12 వోల్టుల, 7 ఆంపియర్‌గంటల సీలు బ్యాటరీలో పేరుకు 84 వాట్‌గంటలు ఉంటాయి. లెడ్ బ్యాటరీని అడుగంటా వాడితే త్వరగా చెడిపోతుంది. పైగా ఈ ప్రాంతంలో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరుతుంది. ఇనుప పెట్టె లోపల ఇంకా ఎక్కువ. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే లెడ్ బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుందన్నది ఈ రంగంలో పాటించే స్థూల నియమం. కాబట్టి సగం, అంటే 42 వాట్‌గంటలే ఆధారపడదగినవని భావించడం క్షేమం.

ఏ విధానమూ లేకుండా సెన్సర్, మోడెమ్, కంట్రోలర్ అన్నింటినీ నిరంతరం నడిపితే రోజుకు సుమారు 10 వాట్‌గంటలు ఖర్చవుతాయి. ఎండ లేకపోతే మాపకం నాలుగు రోజుల్లో ఆగిపోతుంది. గంటకు ఒకసారి మేల్కొనే విధానంతో పదహారు రోజులు నిలుస్తుంది. ఛార్జ్ కంట్రోలర్‌ను కూడా మార్చితే వంద రోజులు నిలుస్తుంది. పొదుపులో పెద్ద భాగం రెండు సాధారణ నిర్ణయాల నుండే వచ్చిందన్నది గమనార్హం.

5. ఎండ లేని రోజే వరద రోజు

పరిసరాల నుండి శక్తిని గ్రహించే పరికరాలకు 2007లో అమన్ కన్సల్, మణి శ్రీవాస్తవ, వారి సహచరులు ఒక సూత్రాన్ని ప్రతిపాదించారు. తగినంత కాలంపై చూస్తే పరికరం ఖర్చు దాని ఆదాయాన్ని మించకూడదు. హెచ్చుతగ్గులను బ్యాటరీ భరించాలి. దీనిని శక్తి సమతుల్య నిర్వహణ అనవచ్చు. ఈ సూత్రం ప్రకారం ఆదాయం తగ్గినప్పుడు పరికరం తన పనిని కూడా తగ్గించుకుంటుంది. పొలంలో నేల తేమను కొలిచే పరికరానికి అది సబబే. వరదమాపకానికి మాత్రం అదే ప్రాణాంతకం. మబ్బు పట్టి ముసురు కమ్మిన రోజుల్లో ఫలకం నుండి వచ్చే విద్యుత్తు పడిపోతుంది. వాగు పొంగేదీ ఆ రోజుల్లోనే. బ్యాటరీ తగ్గేకొద్దీ కొలతలను తగ్గించే విధానం సరిగ్గా అవసరమైన ఘడియకు కళ్లు మూసుకుంటుంది.

అటవీ సరిహద్దులో మరొక చిక్కు కూడా ఉంది. టేకు ఆకురాల్చే చెట్టు. మార్చి, ఏప్రిల్ నెలల్లో మోడుగా నిలిచే టేకు వనంలో ఎండ ధారాళంగా నేలకు చేరుతుంది. స్థల పరిశీలనకు, అమరికకు అనువుగా ఉండేదీ ఆ కాలమే. అప్పుడు చక్కగా ఎండ తగిలిన ఫలకంపై జూలై నాటికి వెడల్పాటి టేకు ఆకుల నీడ కమ్ముతుంది. ఫలకంలోని ఘటాలు వరుస కలయికలో ఉండటం వల్ల ఒక మూల పడిన నీడ కూడా మొత్తం ఉత్పత్తిని బాగా తగ్గిస్తుంది. కాబట్టి వేసవి కొలతలతో వర్షాకాలపు ఆదాయాన్ని అంచనా వేయరాదు. 10 వాట్ల ఫలకం దట్టమైన మబ్బు రోజున, నీడ లేని చోట, రోజుకు 4 వాట్‌గంటలు ఇస్తే గొప్ప అనుకొని విధానాన్ని రూపొందించాలి.

6. కొలవడం వేరు, పంపడం వేరు

పై లెక్కల్లో ఒక కొలతకు 6 జౌళ్లు, దానిని పంపడానికి 34 జౌళ్లు అవుతున్నాయి. ఈ తేడాయే విధానానికి వెసులుబాటును ఇస్తుంది. 15 నిమిషాలకు ఒకసారి కొలిచి, గంటకు ఒకసారి మాత్రమే నాలుగు కొలతలను కలిపి పంపితే రోజుకు సుమారు 0.4 వాట్‌గంటలు అవుతాయి. గంటకు ఒకే కొలతతో పోలిస్తే అప్రమత్తత నాలుగు రెట్లు పెరిగింది, ఖర్చు 0.12 వాట్‌గంటలు మాత్రమే పెరిగింది. జూన్ నుండి అక్టోబరు వరకు ప్రశాంతమైన రోజుల్లోనూ ఇదే కనీస నియమంగా ఉండాలి.

ప్రమాద సమయంలో కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. ప్రతి 5 నిమిషాలకు కొలుస్తూ ప్రతిసారీ పంపితే రోజుకు 2.78 వాట్‌గంటలు కావాలి. 5 నిమిషాలకు కొలుస్తూ 15 నిమిషాలకు ఒకసారి పంపితే 1.45 వాట్‌గంటలు చాలు. ఈ మధ్యలో మట్టం అనూహ్యంగా పెరిగితే వెంటనే పంపే వెసులుబాటు ఎలాగూ ఉంటుంది. పాత ఛార్జ్ కంట్రోలర్ ఖర్చును కలిపినా మొత్తం 3.75 వాట్‌గంటలు, అంటే మబ్బు రోజు ఆదాయానికి ఇంచుమించు సమానం.

కొలతల మధ్య విరామాన్ని నిర్ణయించడానికి ప్రమాదం ఎంత దూరంలో ఉందన్నదే సరైన కొలమానం. చప్టా అంచుకు మిగిలిన ఎత్తును పెరుగుదల వేగంతో భాగిస్తే మిగిలిన సమయం తెలుస్తుంది. ఆ సమయంలో నాలుగో వంతును విరామంగా తీసుకోవచ్చు. నీరు అంచుకు 2 అడుగుల దిగువన ఉండి గంటకు 2 అడుగుల చొప్పున పెరుగుతుంటే మిగిలింది గంట. కాబట్టి విరామం 15 నిమిషాలు. అంచు అడుగు దూరంలోకి వస్తే విరామం ఏడున్నర నిమిషాలకు తగ్గుతుంది. అయితే ఈ సూత్రానికి ఒక పైహద్దు ఉండాలి. నిశ్చలంగా ఉన్న నీటికి వేగం సున్నా కాబట్టి సూత్రం అనంతమైన విరామాన్ని సూచిస్తుంది. ఆ వాగు అనుభవంలో అతి వేగంగా ఎంత పెరిగిందో స్థానికులను విచారించి, ఆ వేగంతో వచ్చినా హెచ్చరికకు వ్యవధి మిగిలేలా గరిష్ఠ విరామాన్ని నిర్ణయించాలి.

7. వాన లేని వరద

మాపకాన్ని వానతో మేల్కొలపాలన్న ఆలోచన సహజంగా కలుగుతుంది. టిప్పింగ్ బకెట్ వర్షమాపకంలో నిర్ణీత పరిమాణంలో నీరు నిండగానే చిన్న తొట్టి ఒరిగి ఒక అయస్కాంత స్విచ్‌ను తాకిస్తుంది. ఆ స్విచ్ దాదాపు ఏ విద్యుత్తూ తీసుకోకుండానే నిద్రలో ఉన్న మైక్రోకంట్రోలర్‌ను లేపగలదు. వాన పడనంత కాలం పూర్తిగా నిద్రపోవచ్చునన్నమాట.

భద్రాచలం పరిసరాల్లో ఈ విధానం ఒక ముఖ్య సందర్భంలో మోసపోతుంది. గోదావరి పరీవాహక ప్రాంతం సుమారు 3,12,800 చదరపు కిలోమీటర్లు. మహారాష్ట్రలో, ఛత్తీస్‌గఢ్‌లో కురిసిన వానలు ప్రాణహిత, ఇంద్రావతుల మీదుగా ఇక్కడికి చేరుతాయి. నది ఉబ్బినప్పుడు ఉపనదుల నీరు అందులో కలవలేక నిలిచిపోతుంది. ఆపై గోదావరి వాగుల్లోకి ఎగదన్నుతుంది. కూనవరం వద్ద శబరికి, బూర్గంపాడు వైపు కిన్నెరసానికి ఈ ఎగపోటు సుపరిచితమే. అప్పుడు ఊళ్లో చినుకు పడకపోయినా, ఆకాశంలో ఎండ కాస్తున్నా వాగు మట్టం పెరుగుతుంది. వానతో మాత్రమే మేల్కొనే మాపకం ఆ పెరుగుదలను చూడనే చూడదు.

కాబట్టి సంఘటనతో కలిగే మెలకువ, గడియారంతో కలిగే మెలకువ రెండూ ఉండాలి. వాన స్విచ్ కొలతలను తరచు చేయడానికి ఉపయోగపడాలే తప్ప, కొలతలను పూర్తిగా మానడానికి సాకు కారాదు. ఈ నిర్ణయానికి ఎలక్ట్రానిక్స్ గ్రంథాల కంటే ఆ వాగు ఒడ్డున నివసించేవారి అనుభవమే ప్రమాణం.

8. నెట్‌వర్క్ పోయినప్పుడు

వరద సమయంలో సెల్ టవర్లకు విద్యుత్తు అందక అవి మూగబోవడం సాధారణం. అప్పుడు మోడెమ్ నెట్‌వర్క్ కోసం వెదుకుతూనే ఉంటుంది. నిరంతరం 0.8 వాట్ల చొప్పున వెదికితే రోజుకు 19.2 వాట్‌గంటలు ఖర్చవుతాయి. నిండు బ్యాటరీ కూడా రెండు రోజులు నిలవదు. టవర్ తిరిగి పనిచేసే వేళకు మాపకం చనిపోయి ఉంటుంది.

దీనికి పరిష్కారం ప్రయత్నాలకు హద్దు విధించడం. ఒక ప్రయత్నం నిమిషానికి మించకూడదు. విఫలమైతే తర్వాతి ప్రయత్నం 15 నిమిషాలకు, ఆపై 30 నిమిషాలకు, ఆపై గంటకు ఒకసారి జరగాలి. గంటకో ప్రయత్నం చొప్పున రోజుకు 0.32 వాట్‌గంటలే అవుతాయి. ఈలోగా కొలతలు ఆగకూడదు. అవి మెమొరీలో పోగవుతుండాలి. చప్టా వద్ద చిన్న సైరన్, ఎర్ర దీపం ఉంటే నెట్‌వర్క్‌తో పనిలేకుండానే హెచ్చరిక చేరుతుంది. భారతదేశంలో లైసెన్సు అవసరం లేని 865–867 మెగాహెర్ట్జ్ తరంగాలపై తక్కువ విద్యుత్తుతో దూరం పంపే లోరా రేడియోను రెండవ మార్గంగా పెట్టుకోవచ్చు. ఇన్సాట్ ఉపగ్రహం ద్వారా సమాచారాన్ని పంపే పద్ధతి దేశంలోని స్వయంచాలక వాతావరణ, జల కేంద్రాలకు కొత్త కాదు. కీలకమైన చోట్ల దానినీ పరిశీలించవచ్చు.

మరొక ప్రమాదం బ్యాటరీ అడుగంటినప్పుడు ఎదురవుతుంది. మోడెమ్ లేచే క్షణంలో పెద్ద విద్యుత్ ప్రవాహాన్ని లాగుతుంది. నీరసించిన బ్యాటరీ వోల్టేజి ఆ క్షణంలో కుంగి, మైక్రోకంట్రోలర్ రీసెట్ అవుతుంది. అది మళ్లీ మొదటి నుండి ఆరంభించి మళ్లీ మోడెమ్‌నే లేపుతుంది; మళ్లీ కుంగుతుంది. ఈ విషవలయంలో మిగిలిన కొద్ది శక్తీ వృథా అవుతుంది. రీసెట్ తర్వాత ఏ పరికరాన్నీ లేపక ముందే వోల్టేజిని, చెరిగిపోని మెమొరీలో దాచిన రీసెట్ల సంఖ్యను చూసుకొని, అవసరమైతే రేడియో జోలికి పోకుండా ఉండే నియమం దీనిని నివారిస్తుంది.

9. విధాన స్వరూపం

పై చర్చను రెండు అక్షాల విధానంగా క్రోడీకరించవచ్చు. ఒక అక్షం నీటి స్థితి: శాంతం, జాగ్రత్త, ప్రమాదం. మరొకటి బ్యాటరీ స్థితి: నిండు, సగం, అడుగు. ఈ రెండింటి కలయికను బట్టి పరికరం నడక నిర్ణయమవుతుంది. అందులో ఐదు నియమాలు ప్రధానమైనవి.

మొదటిది, నిల్వ నియమం. ఆధారపడదగిన 42 వాట్‌గంటల్లో సగాన్ని ప్రమాద స్థితి కోసమే కేటాయించాలి. శాంత స్థితిలో బ్యాటరీ ఆ గీతను చేరితే సందేశాలను తగ్గించాలి. ప్రమాద స్థితిలో మాత్రం గీత దాటి వాడుకోవచ్చు. ఎండ బొత్తిగా లేకపోయినా ఆ 21 వాట్‌గంటలు 3.75 చొప్పున ఐదున్నర రోజులు సరిపోతాయి.

రెండవది, త్యాగక్రమం. శక్తి చాలనప్పుడు ఏది ముందు మానాలో ముందే రాసి ఉంచాలి. వివరమైన నివేదికలు, ఆపై తరచు సందేశాలు, ఆపై తరచు కొలతలు తగ్గవచ్చు. సైరన్, అత్యవసర సందేశం చివరి వరకు మిగలాలి.

మూడవది, జంకు నియమం. ప్రమాద స్థితిలో ప్రవేశించడం సులభంగా, వెలుపలికి రావడం నిదానంగా ఉండాలి. అంచుకు అడుగు దూరంలో ప్రవేశిస్తే, రెండు అడుగుల దూరానికి తగ్గి కొన్ని గంటలు నిలకడగా ఉన్న తర్వాతే వెలుపలికి రావాలి. లేకపోతే అలల తాకిడికే స్థితులు మారుతూ శక్తి వృథా అవుతుంది.

నాలుగవది, ఉనికి నియమం. నిద్రిస్తున్న మాపకానికీ చనిపోయిన మాపకానికీ దూరం నుండి చూసేవారికి తేడా తెలియదు. ఎంత పొదుపులోనైనా నిర్ణీత వేళకు ఒక చిన్న సందేశం రావాలి. అది రాకపోతే కంట్రోల్ రూమ్ దానిని మౌనంగా కాక ప్రమాద సూచనగా పరిగణించాలి.

ఐదవది, తుది సందేశం. బ్యాటరీ చివరి గీతను చేరినప్పుడు, ఒక సందేశానికి సరిపడా శక్తి ఉండగానే, చివరి మట్టాన్ని, పెరుగుదల వేగాన్ని, తాను ఆగిపోతున్న విషయాన్ని మాపకం తెలియజేయాలి. ఆ సందేశం అందితే గ్రామస్థాయి సిబ్బంది కర్రగేజీ వద్దకు వెళ్లి కంటితో కొలవగలుగుతారు.

ఈ విధానాన్ని అమరికకు ముందే పరీక్షించాలి. ఫలకాన్ని తీసివేసి, వాడిన బ్యాటరీతో, నెట్‌వర్క్ అందని గదిలో, నీటిమట్టం పెరుగుతున్నట్లు కృత్రిమ కొలతలు అందిస్తూ వారం రోజులు నడపాలి. అనుకూల పరిస్థితుల్లో జరిపిన పరీక్ష ఏ విద్యుత్ విధానాన్నీ రుజువు చేయదు.

10. ముగింపు

విద్యుత్ నిర్వహణను చాలా సందర్భాల్లో పొదుపు శాస్త్రంగా మాత్రమే చూడటం జరుగుతుంది. భద్రాచలం అటవీ సరిహద్దులోని వాగు మాపకం దాని అసలు స్వభావాన్ని తెలియజేస్తుంది. పొదుపు చేసిన శక్తిని ఏ ఘడియలో, ఎవరి కోసం ఖర్చు చేయాలన్నదే ఇక్కడి ప్రధాన ప్రశ్న. గిట్టుబాటు విరామం, శక్తి సమతుల్యత వంటి సూత్రాలు అన్ని చోట్లా ఒక్కటే. ఆషాఢంలో చిగిర్చే టేకు నీడను, వాన లేకుండా ఎగదన్నే గోదావరిని, ముసురులో మూగబోయే టవర్‌ను లెక్కలోకి తీసుకున్నప్పుడే ఆ సూత్రాలు ఇక్కడ పనికివస్తాయి. వేసవిలో నెలల తరబడి నిద్రించిన మాపకం జూలై నెల ముసురు రాత్రి మెలకువగా ఉండాలి. ఆ రాత్రి అవతలి గూడెంలో ఎదురుచూసేవారికి చప్టా మునగక ముందే కబురు అందితే విధానం సఫలమైనట్లు.